ఒక జీతానికి ఇద్దరు

మా అపార్ట్‌మెంట్ లెక్కల పుస్తకం కొంతకాలంగా నా దగ్గరే ఉంటోంది. బ్యాంకులో 31 ఏళ్ళు పని చేసి రిటైరైనదాన్ని కాబట్టి, 2024 ఏప్రిల్ మీటింగులో ట్రెజరర్ పని నాకు అప్పగించారు. నాకూ ఇష్టమే. పైసతో సహా లెక్క సరిపోతే ఆ రోజు ప్రశాంతంగా నిద్ర పడుతుంది. ఉద్యోగంలో పడిన అలవాటు అది.

నిజాంపేట రోడ్డు మీంచి లోపలికి రెండు సందులు తిరిగితే మా బిల్డింగ్ వస్తుంది. ఐదంతస్తులు, అంతస్తుకి నాలుగు ఫ్లాట్లు, మొత్తం 20. అప్పట్లో ఫ్లాటుకి నెలకి 2,500 చొప్పున 50,000 వసూలయ్యేది. అందులోంచే కామన్ కరెంటు, లిఫ్టు కాంట్రాక్టు, నీళ్ళ బిల్లు, జనరేటర్ డీజిలు, ఎండాకాలం ట్యాంకర్లు, మోటారు రిపేర్లు అన్నీ చూసుకోవాలి. వీటన్నిటి మధ్య ప్రతి నెలా మారకుండా ఒక లైను ఉండేది: "వాచ్‌మన్ జీతం - 11,000 - ముట్టినది." పక్కన అప్పన్న సంతకం.

మొదటి నెల ఓచర్లు రాస్తూ ఆ లైను దగ్గర ఆగిపోయాను. బ్యాంకులో అయితే ఓచరు మీద డబ్బు ఎవరికిచ్చామో, దేనికిచ్చామో రెండూ ఉండాలి. ఇక్కడ దేనికిచ్చాం? మెట్లు ఊడ్చినందుకా, గేటు చూసుకున్నందుకా, మోటారు వేసినందుకా, చెత్త ఎత్తినందుకా? వీటిలో చాలావరకు చేసేది అప్పన్న కాదు, అతని భార్య రమణమ్మ. (ఇవి వాళ్ళ అసలు పేర్లు కావు.) అనుమానం వచ్చి, వాళ్ళు చేరిన 2019 నుంచి పాత పుస్తకాలన్నీ తిరగేశాను. ఐదేళ్ళలో ఆమె పేరు ఒక్కచోట కనిపించింది. "ఫినాయిలు, చీపుళ్ళు కొనడానికి - రమణమ్మ చేతికి - 340." అంతే.

వాళ్ళది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి వైపు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను అక్కడే తీరం దాటింది. హైదరాబాదులో ఉన్న మనకి అది రెండు రోజుల టీవీ వార్త. వాళ్ళకి అది తాతల నాటి తోట. అప్పన్న తండ్రికి ఉన్న కొద్దిపాటి కొబ్బరి, జీడి చెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయట. వరి పోతే మళ్ళీ ఏడాది వేసుకోవచ్చు, కొబ్బరి చెట్టు పడిపోతే మొక్క దగ్గర్నుంచి ఏళ్ళ తరబడి పెంచాలి. అన్నేళ్ళు తినేదేమిటి? 2019 మొదట్లో వాళ్ళ ఊరి మేస్త్రి ఒకాయన చెబితే ఇక్కడికి వచ్చారు. కూతుర్ని అక్కడే నాయనమ్మ దగ్గర వదిలి, చిన్నవాడైన కొడుకుని వెంట తెచ్చుకున్నారు.

అప్పుడు మా గేటుకి కట్టిన బోర్డు నాకు బాగా గుర్తు. "వాచ్‌మన్ కావలెను. ఫ్యామిలీ ఉన్నవారికే." మా ఏరియాలో ఏ గేటుకి చూసినా ఇదే మాట రాసి ఉంటుంది. ఫ్యామిలీ ఉంటే నమ్మకంగా ఉంటారు, తాగి పడిపోరు అని చెబుతారు. అసలు కారణం నాకు పుస్తకం చూశాకే తెలిసింది. ఫ్యామిలీ అంటే భార్య. భార్య ఉంటే ఒక జీతానికి ఇద్దరు మనుషులు వస్తారు.

అప్పట్లో రమణమ్మ రోజు ఎలా గడిచేదో రాస్తాను. ఇది నేను ఒక వారం పాటు కావాలని గమనించి, చీటీ మీద రాసుకున్నది.

మాకు మంజీరా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. (ఇప్పుడు మా వైపు వచ్చేవి గోదావరి నీళ్ళే, అయినా అందరం మంజీరా అనే అంటాం.) నీళ్ళ రోజున నాలుగున్నరకే లేచి ఆమె వాల్వు తిప్పాలి. సంపు నిండుతుంటే చూస్తూ కూర్చోవాలి, నిండాక మోటారు వేసి పై ట్యాంకు నింపాలి. ఆరింటికి గేటు ముందు ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు. ఆరున్నర నుంచి చెత్త. 20 గుమ్మాల ముందు 20 డబ్బాలు, పైనుంచి కిందకి, అన్నీ ఒక డ్రమ్ములో పోసుకుని గేటు దగ్గర పెట్టుకోవాలి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇచ్చేది మా బిల్డింగులో నాలుగైదు ఇళ్ళే, మిగతాది ఆమె చేత్తోనే ఏరుతుంది. చెత్త ఆటో ఎప్పుడొస్తుందో తెలియదు, వచ్చాక రెండు నిమిషాలు కూడా ఆగదు. తర్వాత ఐదంతస్తుల మెట్లు, వరండాలు ఊడవడం. మంగళవారం, శుక్రవారం కడగడం.

తొమ్మిది నుంచి పన్నెండున్నర దాకా మూడు ఫ్లాట్లలో అంట్లు, ఇల్లు తుడవడం. ఇది ఆమె సొంత సంపాదన. కానీ ఆ సమయంలో కూడా గేటు పని ఆగదు. గ్యాస్ బండ వచ్చినా, కొరియర్ వచ్చినా, ఎవరి ఇంటికైనా ఎలక్ట్రీషియన్ వచ్చినా ఫోను ఆమెకే వస్తుంది. సబ్బు చేతులతో కిందకి దిగి మళ్ళీ పైకెక్కడం నేను ఒకరోజు లెక్కపెట్టాను, ఏడుసార్లు. మధ్యాహ్నం తను తినేసరికి రెండున్నర. మూడింటికల్లా స్కూలు బస్సులు. 304 వాళ్ళ పాపని బస్సు దింపితే తాతగారు వచ్చేదాకా ఈమె దగ్గరే కూర్చుంటుంది. సాయంత్రం మళ్ళీ మోటారు, లైట్లు. రాత్రి పదకొండింటికి గేటు తాళం. అర్ధరాత్రి వచ్చే సాఫ్ట్‌వేర్ పిల్లలకి గేటు తీసేది మాత్రం అప్పన్న.

పగలంతా అప్పన్న పెయింటింగ్ పనులకి వెళతాడు. పొద్దున వెళ్ళేలోపు ఆరు కార్లు తుడుస్తాడు. పని దొరికిన రోజు ఉంది, దొరకని రోజు ఉంది. ఊళ్ళో కూతురి చదువు, తల్లి మందులు, ఇక్కడ కొడుకు. 11,000తో అవన్నీ గడవవు కాబట్టే వెళుతున్నాడు. అంటే పొద్దున నాలుగున్నర నుంచి రాత్రి పదకొండు దాకా మేము "వాచ్‌మన్" అని పిలిచినప్పుడల్లా పలుకుతున్నది రమణమ్మ.

సెలవు సంగతి చూశాను. లిఫ్టుకి నెలకోసారి సర్వీసింగ్ ఉంటుంది. ఆ రోజు రెండు గంటలు ఆపేస్తారు, ఎవరూ ఏమీ అనరు. రమణమ్మకి ఐదేళ్ళలో వారాంతపు సెలవు అనేది లేదు. ఊరు వెళ్ళాలంటే ఇద్దరిలో ఒకరే వెళ్ళాలి. ఇది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, కానీ అందరికీ తెలిసిన రూలు. కూతురు పెద్దమనిషి అయినప్పుడు తల్లి వెళ్ళింది, తండ్రి గేటు దగ్గర ఉన్నాడు.

2024 మే 13న ఓట్లు. ఆంధ్రాలో అసెంబ్లీకి, లోక్‌సభకి, ఇక్కడ లోక్‌సభకి ఒకేరోజు వచ్చాయి. మా బిల్డింగులో 11 ఇళ్ళకి తాళాలు పడ్డాయి. గుంటూరు, భీమవరం, ఒంగోలు, ఎవరి ఊరికి వాళ్ళు కార్లేసుకుని పంతంగి టోల్‌గేటు దగ్గర గంటల తరబడి ఆగి మరీ వెళ్ళారు. ఓటు కోసం అంత కష్టపడినందుకు నాకు నిజంగా గర్వంగానే అనిపించింది. అప్పన్న కూడా ఇద్దరం వెళ్ళొస్తామని అడిగాడు. 11 ఇళ్ళకి తాళాలుంటే బిల్డింగుకి మనిషి లేకపోతే ఎలా అన్నారు. అది నేనే చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే సెక్రటరీగారు అప్పటికే ఊరు బయలుదేరారు. అప్పన్న ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళి ఓటేసి వచ్చాడు. రమణమ్మ ఇక్కడ గేటు కాసింది. ఊళ్ళకి వెళ్ళిన వాళ్ళందరూ సిరా గుర్తు ఉన్న వేలు ఫొటోలు గ్రూపులో పెట్టారు. ఆమె వేలు చూస్తే ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. ఆ "వద్దు" చెప్పింది నేనే కదా.

ఇంకో మాట కూడా దాచకుండా రాయాలి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హైదరాబాదులో ఎవరూ మర్చిపోలేరు. మా వైపు అంతకుముందే భయం ఉంది, 2016 సెప్టెంబర్‌లో భండారి లేఅవుట్ మునిగింది చూశాం కాబట్టి. ఆ రాత్రి మా సెల్లార్‌లోకి మోకాళ్ళ లోతు నీళ్ళు వచ్చాయి. గ్రూపులో మెసేజుల మీద మెసేజులు. కారు ఎక్కడ పెట్టాలి, మీటర్ల దాకా నీళ్ళొస్తాయా, లిఫ్టు ఆపారా. అప్పన్న నడుందాకా తడిసి కార్లు తోయించాడు. వాళ్ళ రూము సెల్లార్‌లోనే, మెట్ల కింద, సంపు పక్కన. ఎనిమిదడుగుల గది. ఆ గది సంగతి గ్రూపులో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

పొద్దున మెట్ల మీద చూస్తే, మొదటి అంతస్తు మలుపులో దుప్పటి పరిచి పిల్లవాడు నిద్రపోతున్నాడు. పక్కన తడిసిన బియ్యం మూట, ఉబ్బిపోయిన రెండో తరగతి పుస్తకాలు. రమణమ్మ కూర్చునే ఉంది. ఇంట్లోకి రమ్మన్నాను. వచ్చి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. టీ ఇచ్చాను. ఏ గ్లాసులో ఇచ్చానంటే, వంటింటి కిటికీ మీద విడిగా పెట్టే స్టీలు గ్లాసులో. కరోనా రోజులు కదా అని అనుకున్నాను గానీ ఆ గ్లాసు కరోనా కంటే ముందు నుంచే ఆ కిటికీ మీద ఉంది. మా అమ్మ ఇంట్లో కూడా అలాంటి గ్లాసు ఒకటి పెరటి గోడ మీద ఉండేది. ఆమె తాగి, తనే కడిగి, తనే తీసుకెళ్ళి కిటికీ మీద పెట్టింది. ఎక్కడ పెట్టాలో నేను చెప్పనవసరం లేకపోయింది.

ఆ గ్లాసు ఇప్పుడు లేదు. ఆమె మా ఇంట్లో మిగతా గ్లాసుల్లోనే తాగుతుంది. కానీ ఆ పొద్దుటి సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

మా వాళ్ళు చెడ్డవాళ్ళని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాళ్ళు చాలామంది మంచివాళ్ళు. దసరాకి రమణమ్మకి చీరలు వస్తాయి. 402 ఆవిడ ఆమె కొడుక్కి ప్రతి జూన్‌లో పుస్తకాలు, బూట్లు కొనిస్తుంది. అప్పన్నకి డెంగ్యూ వచ్చినప్పుడు ఒక్క పూటలో 14,000 పోగయ్యాయి, నేను అడిగితే వెంటనే ఫోన్‌లో పంపించారు. మిగిలిన కూరలు, పుట్టినరోజు కేకులు, పాత మిక్సీ, పాత ఫ్యాను అన్నీ వెళతాయి. మనసు పుట్టి ఇచ్చేది ఎంతైనా ఇస్తారు. అదే మనిషికి నెలజీతంలో 2,500 పెంచుదాం అంటే అక్కడ మాత్రం ఆగిపోతారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నేను ఆగస్టు మీటింగులో చూశాను.

ఆ మీటింగుకి నేను కాగితం మీద రాసుకుని వెళ్ళాను. రమణమ్మ పని గంటలు, పనులు, అప్పన్న పని గంటలు. రెండు పేర్లు, రెండు ఓచర్లు. అతనికి 6,000, ఆమెకి 7,500. మొత్తం 13,500. పెరిగేది 2,500, అంటే ఫ్లాటుకి 125 రూపాయలు.

ముందు సీసీ కెమెరాల విషయం వచ్చింది. ఎనిమిది కెమెరాలు, 62,000. ఫ్లాటుకి 3,100. పది నిమిషాల్లో అందరూ సరే అన్నారు. ఒకాయన ఇంకో రెండు కెమెరాలు పెంచుదామని కూడా అన్నారు. తర్వాత నా కాగితం. గంటా ఇరవై నిమిషాలు పట్టింది.

"రూము ఫ్రీ, కరెంటు ఫ్రీ, నీళ్ళు ఫ్రీ, అవన్నీ కలిపితే ఎంతవుతుంది మేడమ్?" అన్నది మొదటి మాట. ఈ మాటకి నా దగ్గర జవాబు ఉంది. ఆ రూము వాళ్ళ సౌకర్యం కోసం కట్టింది కాదు. మనకి 24 గంటలూ మనిషి కావాలి కాబట్టి కట్టింది. కరెంటు పోతే జనరేటర్ ఆ గది గోడ పక్కనే మోగుతుంది, డీజిలు పొగ కిటికీలోంచి లోపలికి పోతుంది. ఆ గదిని ఎవరికైనా నెలకి 500కి అద్దెకిస్తామన్నా తీసుకోరు. "ఆమె ఫ్లాట్లలో పని చేసుకుని ఏడెనిమిది వేలు సంపాదిస్తోంది కదా" అన్నది రెండో మాట. అది వేరే పనికి వేరే జీతం. మన పిల్లలు ఆఫీసు అయ్యాక ట్యూషన్లు చెప్పి సంపాదిస్తే ఆఫీసువాళ్ళు జీతం తగ్గిస్తారా? "పక్క బిల్డింగులో 10,000కే ఉన్నారు" అన్నది మూడో మాట. ఇది నిజమే. దీనికి నా దగ్గర జవాబు లేదు. పక్క బిల్డింగులోనూ ఒక జీతానికి ఇద్దరే ఉన్నారు.

ఇంటిపనికి కూడా కనీస వేతనం ఉండాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లోనే ప్రభుత్వం జీవో ఇచ్చింది. ఆ సంగతి చెబితే గదిలో ఒక్కరికీ తెలియదు. నాకూ ఆ నెలలోనే తెలిసింది. ఇంటిపని చేసేవాళ్ళ హక్కుల మీద 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఒప్పందం వచ్చింది, నంబరు 189. మన దేశం అక్కడ దానికి అనుకూలంగా ఓటేసి, ఇంటికొచ్చాక ఆమోదించలేదు. ఇదంతా చెబుతుంటే 501 ఆయన "మేడమ్, ఇది యూనియన్ ఆఫీసు కాదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. కానీ కాగితం ముందు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను. చివరికి 13 మంది సరే అన్నారు, నలుగురు వద్దన్నారు, ముగ్గురు రాలేదు. వద్దన్న నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ నెలకి 2,500 మాత్రమే పంపుతున్నారు. ఆ 250 తేడా పుస్తకంలో "రావలసినది" కింద రాస్తూ ఉన్నాను.

మర్నాడు పొద్దున సంతోషంగా కిందకి దిగి రమణమ్మకి చెప్పాను. ఆమె మొహం చూసి నాకు మాట రాలేదు.

"మిమ్మల్ని ఎవులడగమన్నారమ్మా?" అంది. "నానేటైనా అడిగానా మిమ్మల్ని? ఇప్పుడు రెండు జీతాలన్నారు కదా, ఇద్దరూ పగలంతా గేటు కాడే ఉండాలంటన్నారు ఐదో అంతస్తు బాబు. రాత్రే వచ్చి సెప్పీసినారు. ఆయన పెయింటు పనికెల్లకపోతే మాకెలాగమ్మా? రెండు వేలిచ్చి పది వేలు పోగొట్టీసినారు."

ఆమె అలా గట్టిగా మాట్లాడడం ఐదేళ్ళలో అదే మొదటిసారి. ఆమె మాటలో తప్పేమీ లేదు. నేను గంటలు లెక్కపెట్టాను, చట్టాలు చదివాను, మెట్ల మీద ఆమెని దూరం నుంచి చూసి చీటీ రాసుకున్నాను. ఒక్కసారి పక్కన కూర్చుని నీకేం కావాలి అని అడగలేదు.

రెండు రోజులు ఆగి వెళ్ళి అడిగాను. ఆమె చాలాసేపు ఏమీ చెప్పలేదు. తర్వాత, "బాత్రూమ్‌కి తలుపు ఎట్టించండమ్మా" అంది.

వాళ్ళ బాత్రూమ్ జనరేటర్ వెనక ఉంది. పదేళ్ళుగా ఆ బిల్డింగులో ఉంటూ నేను ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. వెళ్ళి చూశాను. తలుపు బదులు ఒక రేకు, దానికి తాడు. లైటు లేదు. రేకు కింద జానెడు సందు. బయట పార్కింగులో సాయంత్రం పూట మగపిల్లలు షటిల్ ఆడుకుంటారు, డ్రైవర్లు నిలబడి ఉంటారు. అందుకని ఆమె పొద్దున నాలుగున్నరకి ముందు ఒకసారి, రాత్రి పదకొండు దాటాక ఒకసారి. మధ్యలో నీళ్ళు తక్కువ తాగుతుంది. రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చిందని, మందుల షాపులో అడిగి మాత్రలు వేసుకున్నానని చెప్పింది. ఆమె పని చేసే మూడు ఫ్లాట్లలో మూడేసి బాత్రూములున్నాయి. రోజూ వాటిని కడుగుతుంది. వాడుకోమని ఎవరూ చెప్పలేదు, వాడుకోవచ్చా అని ఆమె అడగలేదు. మా ఇంట్లో ఆమె పని చేయదు, కానీ రోజూ వస్తుంది. నేనూ చెప్పలేదు.

తలుపుకి, గడియకి, లైటుకి, నేల మీద టైల్స్‌కి కలిపి 9,200 అయింది. దానికి మీటింగ్ పెట్టలేదు. "రిపేర్లు" కింద రాసి సెక్రటరీగారికి చూపించాను, ఆయన మాట్లాడకుండా సంతకం పెట్టారు. తలుపు పెట్టిన రోజు రమణమ్మ గడియ నాలుగైదుసార్లు వేసి, తీసి చూసుకుంది.

జీతం గొడవకి కూడా దారి దొరికింది. ఎవరు ఏ వేళల్లో ఉండాలో కాగితం మీద రాసి నోటీసు బోర్డులో పెట్టాం. రాత్రి, తెల్లవారుజాము అప్పన్న. పగలు రమణమ్మ, అందులో మధ్యాహ్నం రెండు గంటలు ఆమె ఫోను ఎత్తనవసరం లేదు. వాల్వు తిప్పే పని అప్పన్నది. ఆ రెండు గంటలు మొదట్లో ఎవరూ పాటించలేదు. ఇప్పుడు సగం మంది పాటిస్తున్నారు. 501 ఆయన మాత్రం నాతో మాట్లాడడం మానేశారు.

ఆ నెలలోనే ఇద్దరికీ ఈ-శ్రమ్ కార్డులు చేయించాను. అసంఘటిత కార్మికుల కోసం 2021లో మొదలైన పథకం అది, ఇంతకాలం మేమెవరం చెప్పలేదు. అప్పన్నది పది నిమిషాల్లో అయిపోయింది. రమణమ్మ ఆధార్‌కి లింకైన నంబరు ఎవరిదో చూస్తే అప్పన్న పాత సిమ్ముది, అది ఎప్పుడో పోయింది. ముందు ఆధార్ సెంటరుకి వెళ్ళి ఆమె సొంత నంబరు ఎక్కించాల్సి వచ్చింది. ఫారంలో ఏం పని చేస్తారు అన్న చోట మీసేవా అబ్బాయి "హౌస్‌వైఫ్ అని రాయనా?" అన్నాడు. ఆమె నావైపు చూసింది. నేనేమీ చెప్పలేదు. ఈసారి చెప్పడం నా పని కాదనిపించింది. "నాను పని సేస్తాను బాబూ, అపార్ట్‌మెంట్లో" అంది. కార్డు మీద 12 అంకెల నంబరు ఉంది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి పటం వెనక దాచుకుంది.

మొన్న సంక్రాంతికి మొదటిసారి ఇద్దరూ కలిసి ఊరు వెళ్ళారు. ఐదు రోజులు. 2019 తర్వాత తల్లీ తండ్రీ ఇద్దర్నీ ఒకేసారి ఇంట్లో చూడడం ఊళ్ళో ఉన్న కూతురికి అదే మొదలు. ఆ ఐదు రోజులూ బిల్డింగు పనులు వంతులు వేసుకున్నాం. చెత్త డబ్బాలు ఎవరివి వాళ్ళే కిందకి తెచ్చుకోవాలి. మూడో రోజుకే తడి, పొడి వేరు చేయడం అందరికీ వచ్చేసింది, తమ చెత్త తామే చేత్తో పట్టుకుని ఆటో దగ్గర నిలబడితే తేడా తెలుస్తుంది. మోటారు వంతు నాది, 402 ఆవిడది. నాలుగున్నరకి సంపు దగ్గర కూర్చుంటే ఎంత చలిగా ఉంటుందో, నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ వినపడని ఆ గంటసేపు ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది. వాళ్ళ గది తాళం వేసి ఉంది. గోడకి చెయ్యి ఆనిస్తే చెమ్మ.

తిరిగొచ్చేటప్పుడు పలాస జీడిపప్పు అరకిలో తెచ్చి నా చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోమంటే తీసుకోలేదు. "కొత్త కొబ్బరి సెట్లు గెలలేస్తన్నాయమ్మా" అని చెప్పింది. ఇంకో రెండేళ్ళు చూసి వెళ్ళిపోతామేమో అని కూడా అంది. అప్పన్న మాత్రం కొడుకు పదో తరగతి అయ్యేదాకా ఎక్కడికీ లేదంటాడు.

ఈ నెల నుంచి నెలకి రెండు ఆదివారాలు వాళ్ళకి పూర్తి సెలవు. దీనికి మాత్రం ఈసారి ముందు వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి అడిగాను. ఆదివారం వద్దు, ఆ రోజు పెయింటు పనికి డబ్బులెక్కువిస్తారు అని అప్పన్న అన్నాడు. కాదు, బాబుకి స్కూలు లేని రోజే కావాలి అని రమణమ్మ అంది. ఆమె మాటే నెగ్గింది. రేపు ఆదివారం, నీళ్ళ రోజు కూడా. కొడుకుని ట్యాంక్‌బండ్ చూపిస్తానని చెప్పిందట, పొద్దున్నే బస్సు ఎక్కుతారు. మోటారు గది తాళం సాయంత్రం తెచ్చి ఇచ్చింది. నాలుగుంపావుకి అలారం పెట్టుకున్నాను.